కపంపాంగన్ మాట్లాడేవాళ్ళు ఇరవై లక్షల మంది, మరి పిల్లల నోట ఎందుకు వినపడట్లేదు?

హర్షిత_ఏంజెలెస్ | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. నేను ఫిలిప్పీన్స్‌లో ఏంజెలెస్ సిటీలో మెడిసిన్ చదువుతున్నాను, ఇప్పుడు క్లర్క్‌షిప్, అంటే రోజంతా వార్డుల్లోనే. ఈ ఊరు పంపాంగా ప్రాంతంలో ఉంది, ఇక్కడివాళ్ళ సొంత భాష కపంపాంగన్. మనీలా వైపు మాట్లాడే టగాలోగ్ వేరు, ఇది వేరు. ఇండియా నుంచి వచ్చేటప్పుడు ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు, ఇంగ్లీష్ చాలన్నారు, సీనియర్లేమో కొంచెం టగాలోగ్ పట్టుకోమన్నారు. తీరా వార్డులోకి వెళ్తే అరవై దాటిన ఆడవాళ్ళు చాలామంది నొప్పి ఎక్కడో చెప్పడానికి మొదట ఎత్తుకునేది కపంపాంగన్‌లోనే. "మసాకిత్ యా ఇంగ్ అత్యన్ కు" అంటే కడుపు నొప్పిగా ఉందని.

అయితే నన్ను ఆలోచనలో పడేసింది అది కాదు. బెడ్ మీద ఉన్న అవ్వ మనవరాలితో కపంపాంగన్‌లో మాట్లాడుతుంది, మనవరాలు టగాలోగ్‌లో జవాబిస్తుంది. ఆ పిల్లకి అంతా అర్థమవుతోంది, మాకు ఇంగ్లీష్‌లో చక్కగా విడమరిచి చెప్తుంది కూడా, కానీ అవ్వ భాషలో ఒక్క వాక్యం తిరిగి అనదు. ఆ పిల్ల చంకలో ఉన్న చంటిదానికైతే అందరూ టగాలోగే. ఇది ఒక్క ఇంట్లో చూసి చెప్పట్లేదు, దాదాపు ప్రతి డ్యూటీలోనూ ఇదే కనపడుతోంది. ఇరవై లక్షలకు పైగా మాట్లాడే భాష అంటున్నారు, ఇద్దరు ప్రెసిడెంట్లు ఈ భాష వాళ్ళే అంటున్నారు, మరి ఇలా ఎందుకు అవుతోంది? ఎవరికైనా తెలిస్తే చెప్పండి.


నరేష్_దావావ్ | ఆదివారం, రాత్రి 9:40

హర్షితా, దేశానికి దక్షిణాన ఉన్న మా దావావ్‌లో ఈ సమస్య ఇంతగా కనపడదు. ఇక్కడివాళ్ళ భాష బిసాయా, మార్కెట్, జీపునీ (షేర్ జీపు), హాస్పిటల్, ఎఫ్ఎం రేడియో, అన్నిచోట్లా అదే, చిన్నపిల్లలు కూడా అందులోనే కొట్టుకుంటారు. మేము టగాలోగ్ నేర్చుకుని వార్డుకి వెళ్తే పేషెంట్లు నవ్వి బిసాయా నేర్పించారు. మీకు మనీలా దగ్గర కదా, అదే తేడా అనుకుంటా.


భాస్కర్_మాష్టారు | ఆదివారం, రాత్రి 10:25

మంచి ప్రశ్న వేశావమ్మా. నేను ఫిలిప్పీన్స్ ఎప్పుడూ చూడలేదు గానీ ఈ భాషా కుటుంబం గురించి చదవడం నాకు చాలాకాలంగా ఇష్టం, తెలిసింది చెప్తాను.

కపంపాంగన్ ఆస్ట్రోనేషియన్ కుటుంబం. సుమారు 1200 భాషలు, తైవాన్ నుంచి బయల్దేరి ఇటు మడగాస్కర్ దాకా, అటు పసిఫిక్‌లో ఈస్టర్ దీవి దాకా పాకిన కుటుంబం ఇది. కపంపాంగన్‌లో అయిదుని లిమా అంటారు, మలయ్‌లో లిమా, హవాయిలో లిమా, మావోరీలో రిమా, మడగాస్కర్‌లో దిమి. తెరచాప పడవల మీద ఇంత దూరం పోయినవాళ్ళ భాషల్లో చాలా ఇప్పుడు ఇబ్బందుల్లోనే ఉన్నాయి, తైవాన్‌లో అయితే కొన్ని పూర్తిగా పోయాయి కూడా.

ఇక పంపాంగా సంగతి. 'పంపాంగ్' అంటే నది ఒడ్డు, ఆ ఒడ్డున ఉండేవాళ్ళు కపంపాంగన్లు. ఊరూ పేరూ లేని భాష అనుకోవద్దు. స్పెయిన్ నుంచి వచ్చిన ఫాదర్ బెర్గాన్యో 1729లో దీనికి వ్యాకరణం, 1732లో నిఘంటువు అచ్చు వేయించాడు. ఆ నిఘంటువులో సిసిగ్ అన్న మాట ఉంది, మీ ఏంజెలెస్‌లో ఇప్పుడు పెనం మీద చిటపటలాడే పంది మాంసం వంటకం పేరు అదే, అప్పట్లో మాత్రం పుల్లటి కాయలతో చేసే పచ్చడిలాంటిదానికి ఆ పేరు. 1900లో బకోలోర్ ఊళ్ళో మొట్టమొదటి దేశభాషా సార్సువేలా, అంటే మన పద్యనాటకాల్లాగా పాటలతో నడిచే నాటకం, ఆడింది ఈ భాషలోనే, టగాలోగ్‌లో కాదు.

ఇంకొకటి మనవాళ్ళకి ఆసక్తిగా ఉంటుందని చెప్తున్నా. 1762లో బ్రిటిష్ వాళ్ళు మనీలా మీదకి వెళ్ళిన దండు మద్రాసు నుంచే బయల్దేరింది, మద్రాసు సిపాయిలు కూడా అందులో ఉన్నారు. మనీలా పడిపోయే ముందు బయటపడ్డ స్పెయిన్ అధికారి సిమోన్ దె అందా రాజధాని పెట్టుకున్నది ఈ పంపాంగాలోని బకోలోర్‌లోనే.


ఆనంద్_షార్జా | సోమవారం, ఉదయం 6:50

మాష్టారు చెప్పింది బాగుంది. నేను షార్జాలో కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్స్ చూస్తాను. మా దగ్గర సేఫ్టీ చూసే కబాయన్ (ఫిలిప్పీన్స్‌వాళ్ళని ఇక్కడ అలా అంటాం) ఒకాయన, ఊరు గ్వాగ్వా, అదీ పంపాంగాలోనే అన్నాడు. ఈ పోస్టు చదివాక నాకు వెలిగింది ఏంటంటే, ఆయన రోజూ లంచ్‌లో రెండు ఫోన్లు చేస్తాడు. మొదటిది వాళ్ళ అమ్మకి, గట్టిగా, నవ్వుకుంటూ, ఒక భాషలో. రెండోది ఇంటికి, పిల్లలతో, అదే మనిషి గొంతు తగ్గించి వేరే భాషలో. నేను రెండూ ఫిలిప్పినోనే అనుకుంటూ వచ్చా.

ఈ రోజు అడిగాను. రెండోది టగాలోగ్ అట. పిల్లలకి మీ భాష ఎందుకు నేర్పలేదు అంటే, బడిలో ఇబ్బంది పడకూడదని వాళ్ళావిడా ఆయనా మొదటినుంచీ టగాలోగ్, ఇంగ్లీష్ మాత్రమే మాట్లాడారట. ఆయనా ఆవిడా ఇద్దరూ కపంపాంగన్లే, వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది ఇప్పటికీ అదే. పిల్లల వైపు తిరిగితే భాష మారిపోతుంది. పిల్లలు వాళ్ళ నానమ్మతో ఏం మాట్లాడతారు అంటే కాసేపు ఏమీ అనలేదు.


కార్తీక్_హైద్ | సోమవారం, ఉదయం 9:05

అందరి ఫీలింగ్స్ అర్థమవుతున్నాయి కానీ ఒకటి సూటిగా అడుగుతా, ఇందులో తప్పేముంది? ఒక దేశంలో నూట యాభైకి పైగా భాషలు ఉన్నప్పుడు అందరినీ కలిపే భాష ఒకటి ఉండాలి కదా. ఆ ఆనంద్ గారి ఫ్రెండ్ గల్ఫ్‌లో ఉద్యోగం తెచ్చుకున్నది ఇంగ్లీష్ వల్ల, మనీలాలో ఇంటర్వ్యూ పాసైంది టగాలోగ్ వల్ల. పిల్లలకి అవే ఇస్తున్నాడు. తల్లిదండ్రులు బాగా ఆలోచించుకునే నిర్ణయం తీసుకున్నారు, బయటినుంచి మనం భాష పోతోందని బాధపడితే వాళ్ళ పిల్లల ఫీజులు మనం కడతామా?


హర్షిత_ఏంజెలెస్ | సోమవారం, ఉదయం 10:30

కార్తీక్ గారూ, ఫీజులు ఎవరూ కట్టరు, నిజమే. కానీ నేను వార్డులో చూసేది వేరు. పెద్దావిడకి బీపీ పడిపోయి కొంచెం అయోమయంగా ఉన్నప్పుడు, లేదా ఆపరేషన్ అయి మత్తు దిగుతున్నప్పుడు, ఆవిడకి టగాలోగ్ వచ్చినా సరే నోట్లోంచి వచ్చేది కపంపాంగన్. అప్పుడు పక్కన కూర్చున్న మనవడికి సగమే అర్థమవుతుంది, నాకు అది కూడా అర్థం కాదు, యాభై దాటిన నర్సు ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి చెప్పాలి. ఆ నర్సులు రిటైరయ్యాక ఎవరు చెప్తారు?

ఇంకో విషయం, ఇంగ్లీష్ రావడానికి కపంపాంగన్ మానేయాల్సిన పనేముంది? అవ్వల తరంలో మూడూ మాట్లాడేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. మూడు భాషల ఇల్లు రెండు భాషల ఇల్లుగా మారడాన్ని లాభం అని ఎలా అంటాం?


లలిత_వి | సోమవారం, మధ్యాహ్నం 2:15

కార్తీక్, తల్లిదండ్రులు ఆలోచించుకునే నిర్ణయం తీసుకున్నారు అన్నది నిజమే, కానీ ఆ నిర్ణయం గాల్లోంచి రాలేదు. దాని వెనక నూరేళ్ళకు పైబడిన ప్రభుత్వ విధానం ఉంది. క్లుప్తంగా చెప్తాను.

అమెరికా పాలనలో 1901 నుంచి బడి అంటే ఇంగ్లీషే. 1937 డిసెంబర్ 30న అప్పటి ప్రెసిడెంట్ కెసోన్ జాతీయ భాషకి టగాలోగ్ ఆధారం అని ప్రకటించాడు, 1940 నుంచి బడుల్లో నేర్పడం మొదలైంది. 1959లో దానికి పిలిపినో అని పేరు పెట్టారు. 1974లో ద్విభాషా విద్య అని తెచ్చారు, ఆ రెండు భాషలు ఇంగ్లీష్, పిలిపినో. పంపాంగాలో పుట్టిన పిల్లకి ఆ రెండూ కొత్త భాషలే, సొంత భాషకి మొదటి రెండు తరగతుల్లో సహాయక పాత్ర మించి దక్కలేదు. 1987 రాజ్యాంగం ప్రాంతీయ భాషల్ని ఆయా ప్రాంతాల్లో సహాయక అధికార భాషలు అంది. రాసుకోవడానికి బాగుంది, బడిలో మాత్రం పెద్దగా మారలేదు. ఊరి భాష మాట్లాడితే జరిమానా వేసే క్లాసులు ఆ దేశంలో చాలా తరాలు చూశాయి. జరిమానా కట్టి పెరిగిన పిల్లలు తల్లిదండ్రులయ్యాక తమ పిల్లలకి ఆ భాష ఎందుకు ఇస్తారు? ఇవ్వరు.

2009లో మాత్రం మంచి పని మొదలైంది. మాతృభాషా ఆధారిత విద్య అని విద్యాశాఖ ఉత్తర్వు, 2013లో దాన్నే చట్టంలో పెట్టారు. కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి వరకూ సొంత భాషలో చెప్పాలి. మొదట్లో 12 భాషలు, తర్వాత 19 అయ్యాయి, కపంపాంగన్ మొదటి నుంచీ ఆ జాబితాలో ఉంది. ఆ చట్టానికి పన్నెండేళ్ళు తిరక్కుండానే, 2024 అక్టోబర్‌లో 12027 నంబరు చట్టంతో ఆ తప్పనిసరి నిబంధన తీసేశారు. మళ్ళీ ఫిలిపినో (పిలిపినోకి ఇప్పటి పేరు), ఇంగ్లీష్.


కార్తీక్_హైద్ | సోమవారం, మధ్యాహ్నం 3:02

లలిత గారూ, తీసేయడానికి కారణం కూడా చెప్పాలి కదా. నేను చదివినంతలో పుస్తకాలు సరిగ్గా లేవు, టీచర్లకి ట్రైనింగ్ లేదు, ఒకే క్లాసులో రకరకాల భాషల పిల్లలు, ఫలితాలు రాలేదు అన్నారు. పని చేయనిదాన్ని పట్టుకుని వేలాడమంటారా?


లలిత_వి | సోమవారం, మధ్యాహ్నం 3:48

అవి నిజమైన ఇబ్బందులే, ఒప్పుకుంటా. కానీ పుస్తకాలు ఇవ్వకుండా, టీచర్లకి నేర్పకుండా పెట్టిన పథకం ఫలితం ఇవ్వలేదని పథకాన్నే ఎత్తేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. కపంపాంగన్ క్లాసులో కూర్చునే టీచరమ్మ తను చదువుకున్నది ఇంగ్లీష్, టగాలోగ్‌లలో. లెక్కల పాఠాన్ని కపంపాంగన్‌లో చెప్పమంటే ఆవిడకి అది ఇంట్లో మాట్లాడే భాషే గానీ బోర్డు మీద రాసిన భాష కాదు. నేర్పించడానికి కొన్నేళ్ళు పట్టే పని అది.

కొత్త చట్టంలో ఒక కిటికీ ఉంచారు, అది చూడండి. క్లాసులో పిల్లలందరిదీ ఒకే మాతృభాష అయితే అందులో చెప్పుకోవచ్చు. దానికి షరతులు: ఆ భాషకి అధికారిక వర్ణక్రమం, అంటే ఏ మాట ఏ అక్షరాలతో రాయాలన్న పద్ధతి, ప్రకటించి ఉండాలి, పదకోశం ఉండాలి, సాహిత్యం ఉండాలి, వ్యాకరణ పుస్తకం ఉండాలి, ఆ భాష వచ్చిన టీచర్లు ఉండాలి. కపంపాంగన్‌కి సాహిత్యం, నిఘంటువు మాష్టారు చెప్పినట్టు ఎప్పటినుంచో ఉన్నాయి. గొడవంతా వర్ణక్రమం దగ్గరే, అది మాష్టారు ఇంకా వివరంగా చెప్పగలరేమో.


ఫణి_క్లార్క్ | సోమవారం, సాయంత్రం 7:20

ఈ చర్చ మా తమ్ముడు పంపితే చూశా, నాకు చాలా దగ్గరి విషయం. నేను చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను, ఏంజెలెస్ పక్కనే క్లార్క్‌లో ఉద్యోగం, మా ఆవిడది బకోలోర్. మాష్టారు చెప్పిన ఊరే. ఒకప్పుడు ప్రావిన్స్ రాజధాని, 1904లో శాన్ ఫెర్నాండోకి మార్చారు, కవులూ నాటకాలవాళ్ళూ పుట్టిన గడ్డ అని మా మామగారు ఎంత గర్వంగా చెప్పేవారో.

ఒక సంగతి ఎవరూ ఎత్తలేదు, పినటూబో. 1991 జూన్ 15న ఆ అగ్నిపర్వతం పేలింది, ఇరవయ్యో శతాబ్దంలో రెండో అతి పెద్ద పేలుడు. అసలు దెబ్బ తర్వాత ప్రతి వానాకాలం వచ్చింది, కొండ మీద పేరుకున్న బూడిద వాన నీళ్ళతో కలిసి బురద నదిలా ఊళ్ళ మీదకి దిగేది, లహార్ అంటారు. 1995 అక్టోబర్ 1న బకోలోర్‌లోని కబలంతియన్ దాని కింద పూడిపోయింది. ఊళ్ళోని శాన్ గిల్యెర్మో చర్చి సగం ఎత్తు దాకా కూరుకుపోయి ఉంది ఇప్పటికీ, పాత కిటికీలే ఇప్పుడు ద్వారాలు, మా పెళ్ళికి ఆ కిటికీల్లోంచే లోపలికి వెళ్ళాం. మా అత్తగారి వీధిలోవాళ్ళు తలా ఒక దిక్కు అయిపోయారు, కొందరు పునరావాస కాలనీకి, కొందరు మనీలాకి, కొందరు అటునుంచి అటే అమెరికాకి. వీధి మొత్తం ఒకే భాష మాట్లాడుకునే చోటు నుంచి, పక్కింటివాళ్ళది ఏ ఊరో తెలియని కాలనీకి వెళ్ళాక అందరికీ పనికొచ్చే భాష టగాలోగ్ అయింది. విధానాలూ చట్టాలూ మీరు చెప్పినవన్నీ కరెక్టే, మా ఇంట్లోవాళ్ళు మాత్రం భాష మారింది ఎప్పుడు అంటే లహార్ తర్వాత అంటారు.

అదే 1991లో క్లార్క్‌లో అమెరికా వైమానిక స్థావరం కూడా ఖాళీ అయింది. తర్వాత ఫ్రీపోర్ట్, కాల్ సెంటర్లు, ఎయిర్‌పోర్టు, మాల్స్ వచ్చాయి. మనీలా ఇక్కడికి 80 కిలోమీటర్లు, హైవే మీద రెండు గంటలు కూడా పట్టదు. ఇక్కడికి వచ్చి స్థిరపడేవాళ్ళు టగాలోగ్‌తో వస్తారు, వాళ్ళ కోసం ఊరివాళ్ళు మారతారు, ఊరివాళ్ళ కోసం వాళ్ళు మారరు.

చివరగా సిగ్గు సంగతి. కపంపాంగన్‌లో హ శబ్దం లేదు. టగాలోగ్‌లో రాజుని హారి అంటే వీళ్ళు ఆరి అంటారు, గాలిని హంగిన్ అంటే అంగిన్ అంటారు. మనీలాలో కాలేజీకి వెళ్తే హ దగ్గర దొరికిపోతారు, క్లాసంతా నవ్వుతుంది. మా ఆవిడ ఈ ఒక్క కారణంతో మొదటి సెమిస్టర్ నోరు విప్పలేదట. దానికి తోడు పాత ఎత్తిపొడుపు ఒకటి ఉంది, పంపాంగావాళ్ళది కుక్క రక్తం అని. స్పెయిన్ సైన్యంలో చేరారని, 1901లో ఫిలిప్పీన్స్ మొదటి ప్రెసిడెంట్ అగినాల్దోని అమెరికావాళ్ళు పట్టుకోవడానికి ఇక్కడి మకబెబె సిపాయిలు సాయం చేశారని. ఆ ఎత్తిపొడిచేవాళ్ళు 1896లో స్పెయిన్ మీద తిరగబడిన మొదటి ఎనిమిది ప్రావిన్సుల్లో పంపాంగా ఉందని, దేశ జెండాలో సూర్యుడికి ఉన్న ఎనిమిది కిరణాల్లో ఒకటి ఇదేనని మాత్రం మర్చిపోతారు.


ఆనంద్_షార్జా | సోమవారం, రాత్రి 8:05

ఫణి అన్నా, ఆ హ సంగతి ఇప్పుడు అర్థమైంది. మావాడు మిగతా కబాయన్ల మధ్య కూర్చుంటే సైలెంట్, అమ్మ ఫోన్‌లో మాత్రం అంత మాటకారి. మీ పిల్లల సంగతేంటి మరి? ఇంట్లో తెలుగు కూడా ఉంటుంది కదా.


ఫణి_క్లార్క్ | సోమవారం, రాత్రి 8:31

ఆనంద్, మా పాపకి నేను తెలుగు, వాళ్ళమ్మ కపంపాంగన్, ఇంతే రూల్. టగాలోగ్ మేము నేర్పలేదు, టీవీ, వీధి, బడి నేర్పేశాయి. ఇంగ్లీషూ అంతే. మొదట మా ఆవిడకే టెన్షన్, పిల్ల బళ్ళో వెనకబడుతుందని, చుట్టాలు కూడా ఎందుకే దానికి ఆ బరువు అనేవాళ్ళు. విచిత్రం ఏంటంటే ఆ మాట అన్నదీ కపంపాంగన్‌లోనే. పిల్ల వెనకబడలేదు. పైగా వాళ్ళమ్మమ్మ దగ్గర ఎక్కువసేపు కూర్చునేది మనవల్లో ఇదొక్కతే, ఎందుకంటే ఆవిడ కథ చెప్తుంటే మధ్యలో ప్రశ్నలు అడగగలిగేది ఇదే.


భాస్కర్_మాష్టారు | మంగళవారం, ఉదయం 7:15

ఫణి గారు రాసింది రెండుసార్లు చదివాను. లలితమ్మ అడిగిన వర్ణక్రమం సంగతి చెప్తాను.

స్పానిష్ ఫాదర్లు రాసిన పద్ధతి సి, క్యూ అక్షరాలతో ఉంటుంది. తర్వాత జాతీయవాదం వచ్చాక కె అక్షరంతో రాయాలన్నారు, టగాలోగ్ అలాగే మారింది. పంపాంగాలో పాత కవులు, చర్చి పుస్తకాలు సి, క్యూ వదలలేదు. భాష పేరు రాయడానికే రెండు పద్ధతులు. ఈ రెంటినీ కలపాలని మూడో పద్ధతి తెచ్చినవాళ్ళు కూడా ఉన్నారు, అది కూడా అందరికీ నచ్చలేదు. ఇలా తరాల తరబడి వాదించుకుంటూ ఉన్నారు. ఈ వాదన చేసేవాళ్ళంతా భాష మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళే, అదే బాధ. పిల్లవాడికి ఏ పుస్తకం ఇవ్వాలో తేలే లోపు పిల్లవాడు టగాలోగ్‌లో చదివేసుకుంటున్నాడు. ఇప్పుడు ఈ చట్టం అధికారిక వర్ణక్రమం అడుగుతోంది కాబట్టి, ఏదో ఒకటి ఖాయం చేసుకుని ముందుకు పోవడమే మేలని నా అభిప్రాయం. ఏది ఖాయం చేసినా ఒక వర్గం నొచ్చుకుంటుంది, నొచ్చుకోనీ.

రోమన్ అక్షరాలకి ముందు సొంత లిపి కూడా ఉండేది. ఫిలిప్పీన్స్ పాత లిపులన్నీ బ్రాహ్మి సంతతే, ఆ లెక్కన మన తెలుగు లిపికి దూరపు చుట్టాలు. దాన్ని ఈ కాలంలో కులితాన్ అన్న పేరుతో యువకులు మళ్ళీ నేర్చుకుంటున్నారు, పై నుంచి కిందకి నిలువుగా రాస్తున్నారు. పూర్వం నిజంగా నిలువుగానే రాసేవారా అని పండితుల్లో వాదన ఉంది. వాదన ఎలా తేలినా, పచ్చబొట్టుగా పొడిపించుకునే కుర్రాడు ఆ భాషలో నాలుగు మాటలు మాట్లాడితే నాకు ఇంకా సంతోషం.

మన అవధానం ఇష్టపడేవాళ్ళకి ఒకటి. వాళ్ళకి క్రిస్సోతాన్ అని ఉంది, ఇద్దరు కవులు ఎదురెదురుగా నిలబడి ఒక విషయం మీద పద్యాల్లోనే వాదించుకుంటారు. బకోలోర్ నాటకకర్త సోతో, 1867 నుంచి 1918 దాకా బతికినాయన, ఆయన కలం పేరు మీదుగా వచ్చింది. పెద్ద కవికి 'పర్నాసో రాజు' అని కిరీటం పెట్టే ఆచారం కూడా ఉంది. కిరీటం పెట్టించుకునే కవి ఎప్పుడూ దొరుకుతాడు. వినేవాళ్ళలో పాతికేళ్ళ లోపు ఎంతమంది అన్నది చూడాలి.


మధు_పాడేరు | మంగళవారం, ఉదయం 8:50

మాష్టారూ, ఇది చదువుతుంటే మా ఏజెన్సీ గుర్తొచ్చింది. గదబ, కొండ, సవర పిల్లలు బడికొచ్చేసరికి వాళ్ళకి తెలుగే కొత్త భాష. అక్కడ టగాలోగ్ చేసిన పని ఇక్కడ మన తెలుగు చేస్తోంది. ఇంతకంటే పొడిగించను, టాపిక్ పక్కకి పోతుంది.


సుజాత_ఆక్లాండ్ | మంగళవారం, ఉదయం 9:30

మధు గారన్నది అందరం గుర్తుపెట్టుకోవాల్సిన మాట.

నేను న్యూజిలాండ్‌లో చిన్నపిల్లల సెంటర్‌లో పని చేస్తాను, ఇక్కడి మావోరీ కూడా ఇదే కుటుంబం భాష. 1970ల నాటికి మావోరీ ఇళ్ళలో పిల్లలకి భాష రావడం దాదాపు ఆగిపోయింది, మాట్లాడేవాళ్ళంతా పెద్దవాళ్ళే. అప్పుడు వాళ్ళు చేసిన పని చాలా సాదాగా ఉంటుంది. 1982లో వెల్లింగ్టన్ దగ్గర వైనుయియోమాతాలో మొదటి కోహంగా రేయో తెరిచారు. అమ్మమ్మలూ నానమ్మలూ వచ్చి కూర్చుంటారు, అయిదేళ్ళ లోపు పిల్లల్ని వాళ్ళ చేతికి ఇస్తారు, పొద్దున్నుంచీ సాయంత్రం దాకా మావోరీ తప్ప ఇంకో మాట వినపడదు. పాలు తాగించడం, ముక్కు తుడవడం, దెబ్బలాట తీర్చడం, అన్నీ అందులోనే. ప్రభుత్వం అధికార భాషగా చట్టం చేసింది 1987లో, అంటే అవ్వలు మొదలుపెట్టిన అయిదేళ్ళకి. హవాయివాళ్ళు ఇక్కడిది చూసి 1984లో తమ పిల్లల బడులు మొదలుపెట్టారు.

ఇక్కడ కూడా అంతా అయిపోలేదు, ఇంగ్లీష్ ఒత్తిడి ప్రతిరోజూ ఉంటుంది, టీచర్లు దొరకరు. అయినా మా సెంటర్‌లో ఇరవై రెండేళ్ళ మావోరీ అమ్మాయి తన బిడ్డతో తిట్టడం, ముద్దు చేయడం రెండూ మావోరీలో చేస్తుంది, వాళ్ళమ్మకి ఆ భాష సరిగ్గా రాదు. ఒక తరం పోగొట్టుకున్నాక మళ్ళీ తెచ్చుకోవడం ఎంత కష్టమో దగ్గరగా చూస్తున్నా కాబట్టి చెప్తున్నా, పంపాంగాలో ఇంకా ఆ పరిస్థితి రాలేదు. ఫణి గారి అత్తగారూ, హర్షిత వార్డులో పెద్దావిడలూ ఇంకా ఉన్నారు, వాళ్ళ పిల్లలకి కూడా భాష వచ్చు. కేవలం చంటిపిల్లల వైపు తిరిగినప్పుడు భాష మార్చకుండా ఉంటే చాలు. డబ్బు ఖర్చు లేదు, చట్టం అక్కర్లేదు.


కార్తీక్_హైద్ | మంగళవారం, మధ్యాహ్నం 12:10

సుజాత గారూ, మీరు చెప్పిన పద్ధతి నాకు నచ్చింది, ఎందుకంటే ఇందులో పిల్లల ఇంగ్లీష్ మీద చెయ్యి వేయట్లేదు. నా వాదన మాత్రం అలాగే ఉంది, ఉద్యోగం ఇవ్వని భాషని తల్లిదండ్రులు ఎంతకాలం మోస్తారు? 2020 జనాభా లెక్కల్లో ఇంట్లో కపంపాంగన్ మాట్లాడే కుటుంబాలు దేశం మొత్తంలో 2.4 శాతం, టగాలోగ్ 39.9 శాతం. మార్కెట్ ఎటు ఉందో కనపడుతూనే ఉంది.


లలిత_వి | మంగళవారం, మధ్యాహ్నం 1:35

2.4 శాతం అంటే ఆరు లక్షలకు పైగా కుటుంబాలు కార్తీక్. పంపాంగా, ఏంజెలెస్ కలిపితేనే సుమారు 29 లక్షల జనాభా, పక్కన టార్లాక్ దక్షిణ భాగం కూడా ఉంది. ఒక ఎఫ్ఎం స్టేషన్‌కి, మునిసిపాలిటీ కౌంటర్‌కి, హాస్పిటల్ రిసెప్షన్‌కి, పిల్లల యూట్యూబ్ ఛానెల్‌కి ఇది చిన్న మార్కెట్ కాదు. ఆ కౌంటర్లలో కపంపాంగన్ వచ్చినవాళ్ళకి ప్రాధాన్యం ఇస్తామని ఒక్క మాట రాస్తే అదే ఉద్యోగం ఇచ్చే భాష అవుతుంది. ఉద్యోగం ఇవ్వాలా వద్దా అన్నది కూడా మనుషులు రాసుకునే నిబంధనే.


హర్షిత_ఏంజెలెస్ | మంగళవారం, రాత్రి 10:05

డ్యూటీ అయ్యి ఇప్పుడే వచ్చి అన్నీ చదివాను, ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థాంక్స్. నేను నేర్చుకోవాలని నిర్ణయించుకున్నా. వార్డుకి సరిపడా అయినా రావాలి. ఫణి గారూ, ఎక్కడ మొదలుపెట్టమంటారు? టగాలోగ్ కొంచెం వచ్చు, దాని మీదే కట్టుకోవచ్చా?


ఫణి_క్లార్క్ | మంగళవారం, రాత్రి 10:50

సంతోషం అమ్మా. టగాలోగ్ సాయం చేస్తుంది కానీ కొన్నిచోట్ల తెలుగే ఎక్కువ సాయం చేస్తుంది, నిజంగా. మనం 'అబ్బాయి వచ్చాడు' అంటాం, అబ్బాయి అని చెప్పాక కూడా క్రియ చివర 'డు' ఉండాల్సిందే కదా. కపంపాంగన్‌లోనూ అంతే, 'దినతంగ్ యా ఇంగ్ లలాకి', ఆ 'యా' తీసేయకూడదు, టగాలోగ్‌వాళ్ళు అక్కడే తప్పు చేస్తారు. నువ్వు మొదటి పోస్టులో రాసిన కడుపునొప్పి వాక్యంలో కూడా అదే 'యా' ఉంది చూడు. తర్వాత 'నేను', 'అతన్ని' కలిసిపోయి ఒకే ముక్క అవుతాయి, 'ఇకిత్ కె' అంటే అతన్ని చూశాను, 'ఇకిత్ కొ' అంటే వాళ్ళని చూశాను. ఇవి ఒక కాగితం మీద రాసుకుని కంఠస్థం చేయాల్సిందే, వేరే దారి లేదు.

పెద్దవాళ్ళతో ప్రతి మాట చివరా 'పు' వేయి, మన 'అండి' లాంటిది, వా పు అంటే అవునండి, అలి పు అంటే కాదండి. తల బుంతుక్, కడుపు అత్యన్. తినడం మంగన్, తింటూ ఉంటే మమంగన్, తినేస్తే మెంగన్, అచ్చు మారితే కాలం మారుతుంది. షుగర్ పేషెంట్ తిన్నాడో లేదో అడగడానికి ఈ ఒక్కటీ చాలు నీకు. ఏంజెలెస్‌లోనే హోలీ ఏంజెల్ యూనివర్సిటీలో కపంపాంగన్ స్టడీస్ సెంటర్ ఉంది, బెర్గాన్యో నిఘంటువుకి ఇంగ్లీష్ అనువాదం వేసింది వాళ్ళే, సెలవు రోజు వెళ్ళి చూడు. ఆదివారం కుదిరితే మా ఇంటికి రా, మా అత్తగారు ఉంటారు, ఆవిడకి ఇంగ్లీష్ రాదు కాబట్టి తొందరగా వస్తుంది.


హర్షిత_ఏంజెలెస్ | మంగళవారం, రాత్రి 11:02

తప్పకుండా వస్తానండి, ఈ ఆదివారం ఆఫ్ ఉంది. నాతోపాటు ఇద్దరు బ్యాచ్‌మేట్స్ కూడా వస్తామంటున్నారు, ఒకరిది ఖమ్మం, ఒకరిది భీమవరం, పర్లేదా?


ఫణి_క్లార్క్ | మంగళవారం, రాత్రి 11:10

ఎంతమందైనా రండి. అడ్రస్ మెసేజ్‌లో పెడతా.